నక్క వేసిన ‘లిస్ట్’ ఏమిటి?

ప్రశ్న: నేను నర్సుని. జర్మనీలో ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి జర్మన్ భాష బి1 పరీక్షకు చదువుతున్నాను. మొన్న క్లాసులో కాకి, నక్క కథ ఇచ్చారు. నక్క ‘మిట్ ఐనర్ లిస్ట్’ కాకి నోట్లో ఉన్న జున్నుముక్క కొట్టేసిందని అందులో ఉంది. ఫోన్లో ట్రాన్స్‌లేషన్ యాప్ చూస్తే ‘ఒక జాబితాతో’ అని వచ్చింది. మేడమ్‌ని అడిగితే ‘తెలివి’ అన్నారు. డిక్షనరీలో మోసం, కపటం అని ఉంది. ముగ్గురూ మూడు చెబుతుంటే నేనేం రాయాలి? అసలు ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు యాప్ సంగతి తేల్చేద్దాం. జర్మన్‌లో ‘లిస్టె’ అని ఒక మాట ఉంది. జాబితా అంటే అది. మనం కిరాణాకొట్టుకి పట్టుకెళ్ళే లిస్టుకి దగ్గర చుట్టం. మీ కథలో ఉన్న ‘లిస్ట్’ పూర్తిగా వేరే మాట. రెండూ స్త్రీలింగమే, పైగా రెండింటికీ బహువచనం ‘లిస్టెన్’ అనే వస్తుంది, కాబట్టి యాప్ పొరపాటు పడిందంటే ఆశ్చర్యమేం లేదు. ఏకవచనంలో చివర ‘ఎ’ ఉందో లేదో చూసుకోండి. ఉంటే జాబితా, లేకపోతే నక్క పని.

మీ మేడమ్‌గారు చెప్పిందీ, డిక్షనరీ చెప్పిందీ చెరి సగం నిజం. తెలుగులో ఈ మాటకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ‘ఎత్తు’ అని నా అభిప్రాయం. చదరంగంలో ఎత్తు, రాజకీయాల్లో ఎత్తుకు పైఎత్తు అంటాం చూడండి, అదే. ఎదుటివాడు పసిగట్టేలోపు మన పని జరిగిపోయేలా వేసే ఉపాయం. అందులో తెలివి ఉంటుంది, కొంత దాపరికమూ ఉంటుంది, చెడ్డతనం మాత్రం ఉండి తీరాలని లేదు. ‘నక్క ఒక ఎత్తు వేసి జున్నుముక్క కాజేసింది’ అని రాయండి. ‘మోసం చేసి’ అని రాస్తే మరీ బరువైపోతుంది, ఎంతైనా ఆ నక్క కాకి గొంతుని పొగిడిందే తప్ప కాకిని కొరకలేదు కదా. ‘లిస్టిగ్’ అని విశేషణం వస్తే మనకు తయారుగా ‘జిత్తులమారి’ ఉంది. ఎత్తులు జిత్తులు అని మనవాళ్ళు ఊరికే జంట కట్టలేదు.

ఇక పుట్టుక. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, పరీక్షకి పనికిరాకపోయినా ఓపిగ్గా చదవండి.

వెయ్యేళ్ళ కిందటి పాత జర్మన్‌లో ‘లిస్ట్’ అంటే మోసమూ కాదు, ఎత్తూ కాదు. జ్ఞానం, విద్య, చేతిలో ఉన్న నేర్పు. ఇంకా వెనక్కి వెళితే ఆ కుటుంబానికి చెందిన గాథిక్ భాష ఉంది, నాలుగో శతాబ్దంలో బైబిలుని అందులోకి తెచ్చారు కాబట్టి ఆ మాటలు మనకు మిగిలాయి. అందులో ‘లైస్’ అంటే ‘నాకు తెలుసు’, ‘లైస్ట్స్’ అంటే ‘అడుగుజాడ’. రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. నాకు తెలుసు అంటే నేను జాడ పట్టుకుని వెళ్ళాను అని. అడవిలో జంతువు వెంట వెళ్ళేవాడు నేల మీద గుర్తులు చూసి ఎటు పోయిందో చెబుతాడే, ఆ చూపే వాళ్ళ లెక్కలో మొదటి చదువు.

ఆ వేరుకి పుట్టిన మిగతా పిల్లల్ని మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ‘లెర్నెన్’ అంటే నేర్చుకోవడం, ‘లేరెన్’ అంటే నేర్పడం, ఇంగ్లిష్ లెర్న్ కూడా ఈ ఇంటిదే. రేపు మీరు జర్మనీలో దిగి ఏ రైల్వేస్టేషన్‌కి వెళ్ళినా మైకులో ‘గ్లైస్ ఫ్యున్ఫ్, గ్లైస్ జీబెన్’ అని వినిపిస్తుంది. గ్లైస్ అంటే రైలు పట్టాలు, అయిదో లైను, ఏడో లైను అని చెప్పడం. అదీ పాతకాలంలో బండి చక్రం నేల మీద వదిలిన జాడే.

ఇంకొకటి ‘లైస్టెన్’. నేను జర్మనీలో ఉన్నప్పుడు మా వీధి చివర బూట్లు బాగుచేసే ఒక పెద్దాయన కొట్టు ఉండేది. లోపలికి వెళ్ళగానే జిగురు వాసన, తోలు వాసన, గోడ నిండా వరసగా చెక్కతో చేసిన పాదాలు. వేళ్ళు ఉండవు, నున్నగా ఉంటాయి, ఒక్కోదాని మడమ దగ్గర పెన్సిల్‌తో నంబరు రాసి ఉండేది, ఎడమవి ఒక మేకుకి, కుడివి ఒక మేకుకి. ఆ చెక్క పాదం మీద తోలు లాగి బిగించి బూటు కుడతారు. ఆ అచ్చు పేరు లైస్టెన్. నేల మీద పడిన అడుగు గుర్తు ఒక దారిలో వెళ్ళి చెక్క పాదం అయింది, ఇంకో దారిలో వెళ్ళి తెలివి అయింది. ‘చెప్పులు కుట్టేవాడా, నీ లైస్టెన్ దగ్గరే ఉండు’ అని జర్మన్‌లో సామెత, తనకు రాని పనిలో వేలు పెట్టవద్దని అర్థం.

మీరు నర్సు కాబట్టి ఇది మీకు ప్రత్యేకంగా చెప్పాలి. జ్వరం ఎక్కువై పేషెంట్ అయోమయంగా మాట్లాడుతుంటే కేస్‌షీట్‌లో ‘డెలీరియం’ అని రాస్తారు. లాటిన్‌లో ‘లీరా’ అంటే పొలంలో నాగటి చాలు. చాలు వదిలి పక్కకి పోవడం ‘డెలీరారె’. ఈ లీరా కూడా ‘లిస్ట్’ వేరు నుంచి వచ్చిన మాటే. అంటే జాడ పట్టుకుంటే తెలివి, చాలు తప్పితే డెలీరియం. మనం ‘మనిషి గాడి తప్పాడు’ అంటాం, బండి చక్రాల గాడి నుంచి తెచ్చుకున్నాం. లాటిన్ రైతూ తెలుగు రైతూ ఒకర్నొకరు చూడలేదు, ఇద్దరూ నేలని చూసి ఒకే మాట అన్నారు.

మన ‘యుక్తి’ సంగతి కూడా చూడండి. సంస్కృతంలో ‘యుజ్’ అంటే జతచేయడం, కట్టడం. ఎద్దుల మెడ మీద వేసే కాడికి సంస్కృతంలో ‘యుగం’ అని పేరు, జర్మన్‌లో అదే మాట ‘యోఖ్’. కాబట్టి మన యుక్తి కాడి దగ్గర పుట్టింది, వాళ్ళ లిస్ట్ గాడిలో పుట్టింది. ఒకే పొలం, ఒకే ఎద్దుల జత, ఒకరు మెడ వైపు చూశారు, ఒకరు కాళ్ళ వెనక పడిన గీత వైపు చూశారు. నాకు ఇది తట్టిన రోజు చాలాసేపు ఇంకో పని చేయబుద్ధి కాలేదు.

మరి ఇంత మర్యాదగా పుట్టిన మాట నక్క దగ్గరికి ఎలా చేరింది? యోస్ట్ ట్రియర్ అనే జర్మన్ పండితుడు 1931లో దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఒక మాట అర్థం తెలియాలంటే దాన్ని ఒంటరిగా చూడకూడదు, పక్కింటి మాటలతో కలిపి చూడాలి, ఒకటి పక్కకి జరిగితే మిగతావి కూడా సర్దుకుంటాయి అని ఆయన వాదన. 1200 ప్రాంతంలో తెలివికి మూడు మాటలు నడిచేవట. రాజసభల్లో, పెద్దింటివాళ్ళ మధ్య పనికొచ్చే విద్య ‘కున్స్ట్’. సభకి బయట, పనిలో పనికొచ్చే నేర్పు ‘లిస్ట్’. రెండింటినీ పైనుంచి కప్పే పెద్ద గొడుగు ‘వీస్‌హైట్’, అంటే వివేకం, ఇప్పుడు వైస్‌హైట్ అంటున్నారు. వందేళ్ళు తిరిగేసరికి, 1300 ప్రాంతంలో, ఆ మూడింటిలోంచి లిస్ట్ బయటికి జారిపోయింది, ఆ చోట్లోకి ‘విస్సెన్’ అంటే ‘తెలిసి ఉండటం’ అనే మాట వచ్చి కూర్చుంది. తర్వాతి పండితులు ట్రియర్ గీసిన గీతలు మరీ నిక్కచ్చిగా ఉన్నాయని, మాటలు అంత బుద్ధిగా గళ్ళల్లో కూర్చోవని అభ్యంతరం చెప్పారు, అది సబబే. కానీ లిస్ట్ కిందికి జారిన మాట మాత్రం నిజం. మర్యాద ఉన్న విద్యకి వేరే పేర్లు దొరికాక, దీనికి మిగిలింది చాటుమాటు నేర్పు ఒక్కటే.

ఆ జారుడు ఎంతదాకా వచ్చిందో చూపించే ఒక చోటు ఉంది. క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ అనువదించిన కొత్త నిబంధన జర్మన్‌లో 1522లో, పూర్తి బైబిలు 1534లో అచ్చయ్యాయి. ఆదికాండంలో హవ్వని మాటల్లో పడేసిన పాము గురించి ఆయన వాడిన మాట ‘లిస్టిగర్’, అన్ని జంతువులకన్నా జిత్తులమారిది అని. మత్తయి సువార్తలో యేసు తన శిష్యులకి పాముల్లా ఉండండి అని చెప్పిన చోట మాత్రం ‘క్లూక్’ అన్నాడు, అంటే తెలివిగా, వివేకంగా. అదే పాము, రెండు మాటలు. ప్రాచీన గ్రీకు బైబిల్లో రెండు చోట్లా ఒకే మాట ఉంది, ‘ఫ్రోనిమోస్’. ఆదికాండం హీబ్రూ మూలంలో పాముకి వాడిన మాట సామెతల గ్రంథంలో మంచి అర్థంలో, వివేకి అని వస్తుంది. అంటే లూథర్ కాలానికి జర్మన్‌లో తెలివిని రెండు కుప్పలుగా పోశారు, మంచి పాముకి ఒకటి, చెడ్డ పాముకి ఒకటి. మీ ఇంట్లోనో తెలిసినవాళ్ళ ఇంట్లోనో తెలుగు బైబిలు ఉంటే తీసి చూడండి. ఆదికాండంలో సర్పము ‘యుక్తిగలదై’, మత్తయిలో పాములవలె ‘వివేకులు’. తెలుగులోకి తెచ్చినవాళ్ళు కూడా సరిగ్గా అక్కడే గీత గీశారు!

పూర్తిగా చెడిన రూపాలు రెండు ఉన్నాయి, అవి గుర్తుపెట్టుకోండి. ‘హింటర్‌లిస్ట్’, వెనకనుంచి వేసే ఎత్తు, మన వెన్నుపోటుకి దగ్గర. ‘ఆర్గ్‌లిస్ట్’, దురుద్దేశంతో కూడిన ఎత్తు. రెండోది చట్టంలో ఉంది, 1900 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జర్మన్ సివిల్ కోడ్‌లో 123వ సెక్షన్. ఒకణ్ణి ఆర్గ్‌లిస్ట్‌తో నమ్మించి సంతకం పెట్టిస్తే ఆ ఒప్పందాన్ని అతను రద్దు చేసుకోవచ్చు. నా స్నేహితుడొకడు అక్కడ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు, అమ్మినవాడు యాక్సిడెంట్ కాలేదని నోటితో చెప్పాడు, మూడు వారాల తర్వాత మెకానిక్ కింద పడుకుని లైటు వేసి చూస్తే ఛాసిస్‌కి వెల్డింగ్ చేసి పైన నల్లరంగు కొట్టి ఉంది. లాయరు రాసిన ఉత్తరం మొదటి పేరాలోనే ఆ మాట పడింది, డబ్బు వెనక్కి వచ్చింది. మోసం బయటపడిన రోజు నుంచి ఏడాది లోపల అడగాలి, మీరు వెళ్ళాక ఏదైనా కొంటే ఇది గుర్తుంచుకోండి.

అయినా ఒంటరిగా ఉన్న లిస్ట్‌కి ఇప్పటికీ కొంత గౌరవం మిగిలే ఉంది. యుద్ధంలో శత్రువుని తికమక పెట్టే ఎత్తుని ‘క్రీగ్స్‌లిస్ట్’ అంటారు, 1907 హేగ్ యుద్ధ నియమావళి ప్రకారం అది తప్పు కాదు. హిట్లర్ వచ్చాక దేశం వదిలి డెన్మార్క్‌లో తలదాచుకున్న జర్మన్ నాటక రచయిత బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1935లో, నిజం రాయాలంటే దాటాల్సిన అయిదు కష్టాల గురించి ఒక వ్యాసం రాశాడు. నిజం రాయడానికి ధైర్యం, దాన్ని గుర్తుపట్టడానికి తెలివి, దాన్ని ఆయుధంగా మలచడానికి కళ, అది ఎవరి చేతుల్లో పనికొస్తుందో ఎంచుకునే విచక్షణ, చివరికి దాన్ని పదిమందికీ చేర్చడానికి లిస్ట్. సెన్సారు కళ్ళు కప్పి నిజాన్ని జనం దగ్గరికి తీసుకెళ్ళడానికి ఆయనకి వేరే మాట దొరకలేదు. ఆ చోట ఈ మాటని కపటం అని తెలుగు చేస్తే అన్యాయం.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాం. మావాడు పన్నెండో తరగతి తర్వాత సినిమాటోగ్రఫీ చదువుతానంటున్నాడు. కింది ఇంటి పెద్దావిడ వాణ్ణి చూసి ‘లెర్న్ వాస్ గ్‌షైట్స్’ అంది. తెలివైనదేదైనా నేర్చుకో అనా? అంటే మావాడు ఎంచుకున్నది తెలివితక్కువ చదువా? ఆఫీసులో ఒకరు ‘క్లూక్’ అంటారు, ఒకరు ‘ష్లావ్’ అంటారు, ఏది పొగడ్తో ఏది తిట్టో తెలియడం లేదు.
- ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. ‘గెషైట్’ అనే మాటని బవేరియాలో, ఆస్ట్రియాలో నమిలి ‘గ్‌షైట్’ అంటారు. మిగతా చోట్ల తెలివైన అని అర్థం, అక్కడ మాత్రం సరైనది, గట్టిది, కడుపు నింపేది అన్నిటికీ అదే. ఇవాళ ‘గ్‌షైట్’గా తిన్నాను అంటే కడుపారా తిన్నాను అని. మీ అబ్బాయికి ఆవిడ చెప్పింది ‘కూడు పెట్టే చదువు చదువు నాయనా’ అని, మన పెద్దమ్మలు, అమ్మమ్మలు అనే మాటే. ఆ సలహా వినాలా వద్దా అనేది మీ ఇంటి సంగతి, నన్నడిగితే పిల్లవాడు కెమెరా పట్టుకుని ఎంతసేపు ఓపిగ్గా నిలబడగలడో చూసి తేల్చుకోండి.

ఈ మాట పుట్టుక భలేగా ఉంటుంది. ‘షైడెన్’ అంటే వేరుచేయడం, విడదీయడం. విడాకుల్ని ‘షైడుంగ్’ అంటారు, మీరు ఆఫీసు ఫారాల్లో చూసే ఉంటారు. అదే షైడెన్ నుంచి గెషైట్ వచ్చింది, ఏది ఏదో వేరుచేసి చూడగలిగినవాడు అని. పాలనీ నీళ్ళనీ వేరుచేసే హంస గురించి మనం చెప్పుకుంటాం కదా, ఆ హంసని గెషైట్ అంటే నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. సంస్కృతంలో ఛేదించడం, విచ్ఛేదం అనే మాటల్లో ఉన్న ధాతువూ ఇదీ దూరపు చుట్టాలు. ‘నిఖ్ట్ గాన్స్ గెషైట్’ అని ఎవరైనా అంటే మాత్రం బుర్ర సరిగా లేదా అని తిట్టినట్టే.

‘క్లూక్’ అన్నవాళ్ళు మిమ్మల్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. చదువు, ఆలోచన, ముందుచూపు అన్నీ కలిసిన మాట. మధ్యయుగాల్లో అది సున్నితమైన, నాజూకైన, సభామర్యాద తెలిసిన అనే అర్థాలతో నడిచింది, తర్వాత తెలివి దగ్గర స్థిరపడింది. జర్మన్ మాటల పుట్టుక చెప్పే అన్నిటికన్నా పేరున్న నిఘంటువుని మొదట 1883లో తెచ్చిన పండితుడి ఇంటిపేరు క్లూగె, అంటే తెలివైనవాడు అనే. జర్మన్ చదువుకున్నవాళ్ళు ‘క్లూగెలో చూశావా’ అని ఇప్పటికీ అడుగుతారు, మనవాళ్ళు ‘బ్రౌణ్యంలో చూశావా’ అన్నట్టు.

‘ష్లావ్’ ఉత్తరాది మైదానాల మాండలికం నుంచి పైకి వచ్చిన మాట. చురుకు, చలాకీతనం, తన పని తాను చక్కబెట్టుకోవడం, మన ‘గడుసు’. పిల్లల్ని అంటే ముద్దు. ఆఫీసులో పెద్దవాణ్ణి అంటే గొంతు వినాలి, నవ్వుతూ అంటే మెచ్చుకోలు, పెదవి బిగించి అంటే వీడి దగ్గర జాగ్రత్త అని. ‘బావర్న్‌ష్లోయె’ అని ఒకటుంది, రైతు గడుసుతనం అని దాని అర్థం. చదువు లేకపోయినా బేరంలో, లెక్కలో ఎవడికీ లొంగనివాణ్ణి అంటారు. అందులో పట్నంవాళ్ళ చిన్నచూపు ఉంది, నాకు ఆ మాట నచ్చదు, నేను వాడను.

ప్రశ్న: రిటైరైన తెలుగు మాస్టారిని. జర్మన్ మాటలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని వాట్సాప్‌లో తరచూ పంపుతున్నారు. నిజమేనా? మన ‘తెలివి’కి వాళ్ళ మాటలతో చుట్టరికం ఉందా? ఇంకొక్కటి, మా మనవరాలు బెంగళూరులో ఒకటో తరగతి చదువుతోంది. పక్కింటి కన్నడావిడ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ‘జాణె’ అంది. మా కోడలు చాలా బాధపడింది. చిన్నపిల్లని అలా అనవచ్చా?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మాస్టారూ, సంస్కృతం నుంచి జర్మన్ పుట్టలేదు. రెండూ ఒక తల్లి పిల్లలు, ఆ తల్లి ఇప్పుడు లేదు. కలకత్తాలో జడ్జీగా ఉన్న విలియం జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్‌ల గురించి ఈ మాట చెప్పాడు, జర్మనీలో ఫ్రాంజ్ బాప్ 1816లో క్రియారూపాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. యాకోబ్ గ్రిమ్ 1822లో ఈ భాషల మధ్య శబ్దాల తేడాలు ఒక పద్ధతి ప్రకారం వస్తాయని వివరంగా రాశాడు. మీకు ఒక్క వరసలో కనిపిస్తుంది: సంస్కృతంలో ద్వి, దశ, దంత. ఇంగ్లిష్‌లో టూ, టెన్, టూత్. జర్మన్‌లో త్స్వై, త్సేన్, త్సాన్. ద ఉన్న చోట ట, ఆ ట ఉన్న చోట త్స. ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకుంటే ఇంత క్రమంగా రాదు.

తెలివి మాటల్లోనూ ఇదే వరస. వేదం, విద్య, విద్వాంసుడు అన్నీ ‘విద్’ నుంచి. ఇంగ్లిష్‌లో అది ‘విట్’, జర్మన్‌లో ‘విట్స్’. పాత జర్మన్‌లో విట్స్ అంటే తెలివి, బుద్ధి. తర్వాత మాటల చమత్కారం అయింది, ఇప్పుడు విట్స్ అంటే జోకు. పాత అర్థం ‘ముట్టర్‌విట్స్’లో బతికే ఉంది, తల్లి నుంచి వచ్చిన తెలివి. అది లేకపోతే ఏ బడీ ఆ లోటు తీర్చలేదని తత్త్వవేత్త కాంట్ రాశాడు. మీరు ఇన్నేళ్ళు పాఠాలు చెప్పారు, ఒప్పుకుంటారో లేదో నాకు రాయండి.

‘జ్ఞా’ అనే ధాతువూ అంతే, జర్మన్‌లో అది ‘కెన్నెన్’, ‘క్యోన్నెన్’, ఆ రెండోదాన్నుంచే పైన ఖమ్మం పాఠకురాలికి చెప్పిన ‘కున్స్ట్’. జ్ఞానం, కున్స్ట్ ఒక ఇంటివాళ్ళే.

మన ‘తెలివి’ మాత్రం ఈ ఇంటిది కాదు, ద్రావిడ మాట. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని ఫ్రాన్సిస్ ఎల్లిస్ అనే ఇంగ్లిష్ అధికారి మద్రాసులో మొదటిసారి ఆధారాలతో అచ్చులో చూపించిందీ 1816లోనే, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో. ఒకే ఏడాది అక్కడ బాప్, ఇక్కడ ఎల్లిస్! తెలి, తెల్ల, తేట, తెలియు, తెల్లవారు, అన్నిటిలోనూ మకిలి లేకుండా స్పష్టంగా కనిపించడం ఉంది. బురద అడుగుకి దిగాక కుండలో నీళ్ళు తేరుకుంటాయే, ఆ తేట నీటి చూపు తెలివి. స్పృహకీ మనం అదే మాట వాడతాం, తెలివి తప్పింది, తెలివి వచ్చింది అని. జర్మన్‌వాళ్ళు చురుకైన పిల్లవాణ్ణి ‘ఔఫ్‌గెవెక్ట్’ అంటారు, నిద్రలేపబడినవాడు అని. తెలివైనవాణ్ణి ‘హెల్లర్ కోప్ఫ్’ అంటారు, వెలుతురున్న తల. చుట్టరికం ఏమీ లేదు, అయినా అక్కడా ఇక్కడా తెల్లవారితేనే తెలివి.

మీ మనవరాలి సంగతికి వస్తాను. ‘జాణ’ మాట కూడా ఆ ‘జ్ఞా’ ధాతువుదే, ప్రాకృతం దారిలో మన దాకా వచ్చింది, తెలిసినవాడు, నేర్పరి అని. తెలుగులో అది ఆడవాళ్ళ వైపు వెళ్ళింది, శృంగార పదాల్లో తిరిగింది, ‘నెరజాణ’ అయింది, ఇప్పుడు ఎవరినైనా ఆ మాట అంటే వాళ్ళు ఊరుకోరు. జర్మన్‌లో లిస్ట్‌కి పట్టిన గతే తెలుగులో దీనికి పట్టింది. కన్నడంలో మాత్రం ఆ మాట చెక్కుచెదరకుండా ఉంది. లెక్క సరిగ్గా చేసిన పిల్లవాడు ‘జాణ’, అన్నం మారాం చేయకుండా తిన్న పిల్ల ‘జాణె’, బుగ్గ గిల్లి ‘జాణ మరి’ అంటారు. మీ కోడలికి చెప్పండి, ఆవిడ పాపని తెలివైనదని మెచ్చుకుంది. ఈసారి కలిసినప్పుడు ఆవిడ పిల్లల్ని కూడా అదే మాటతో పిలిస్తే సంతోషిస్తుంది.